గోడలో ఉన్న జవాను

బంగారు గనుల ఊరు చూసి వచ్చానంటే మా తెనాలి వీధిలో ఆడవాళ్ళంతా ముందు నా మెడ వైపు చూశారు. ఉన్న గొలుసే ఉంది. నేను వెళ్ళింది బంగారం కోసం కాదు, కాగితం కోసం. డ్రాయింగు టీచరుగా రిటైరయ్యాక నాకు ఒక్కటే పిచ్చి పట్టింది, పాత గోడపత్రికలు పోగుచెయ్యడం. నాటకాలవి, పశువుల సంతలవి, మశూచి టీకాలవి, ఏవైనా సరే. మా ఆయన వాటిని "నీ చెత్త" అంటారు, నేను "నా సేకరణ" అంటాను. ఇద్దరం మాట్లాడేది ఒకే బీరువా గురించి.

కోలారులో నాకు సులోచన అని ఒక స్నేహితురాలుంది. ఎప్పుడో బెంగుళూరులో డ్రాయింగు టీచర్ల శిక్షణకి వెళ్ళినప్పుడు ఒకే గదిలో ఉన్నాం. ఆమె ఫోన్లో ఒక సంగతి చెప్పింది. బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో కె.జి.ఎఫ్.లో, అంటే కోలారు బంగారు గనుల ఊళ్ళో, గాయపడిన సైనికుల కోసం బొమ్మల అమ్మకం పెట్టారట. గని ఆఫీసర్ల భార్యలు, బడిపిల్లలు వేసిన బొమ్మలు అమ్మి, ఆ డబ్బు సైనికుల ఆసుపత్రికి పంపారట. దాని కోసం జిల్లా అంతా పోస్టర్లు అంటించారట. అచ్చువేసినవి కావు, ఒక సైన్‌బోర్డు పెయింటరు ఒక్కొక్కటీ చేత్తో వేసినవి. కొన్ని కన్నడంలో, కొన్ని తమిళంలో, కొన్ని తెలుగులో.

"ఒకటి మాస్తిలో మా తమ్ముడింట్లో ఉండాది, సగం. ఇంగొకటి నిండుగా ఉండాది గానీ, అది కె.జి.ఎఫ్.లో ఒక గోడలో ఉండాది. ఆ గోడ వచ్చే సోమవారం పడగొట్టేస్తారంట" అంది.

"గోడ మీద పోస్టరు ఉంటుంది గానీ గోడలో ఉండటమేమిటే?"

"ఫోన్లో చెప్తే నువ్వు రావు. వచ్చి చూడు."

బుధవారం ఈ మాట విన్నాను. గురువారం తెల్లారుతూనే రైలెక్కాను.

బంగారపేట

సాయంత్రం రైలు దిగిన నన్ను సులోచన ఇంటికి కాదు, పానీపూరీ బండి దగ్గరికి తీసుకెళ్ళింది. "మా జిల్లాకొచ్చి ఇది తినకపోతే వచ్చినట్ల లెక్కే లేదు" అంది. మన వైపు పానీపూరీ నీళ్ళు పచ్చగా ఉంటాయి కదా, ఇక్కడ మంచినీళ్ళలా తేటగా ఉన్నాయి. బండతను మసాలా కలపడం మరిచిపోయాడనుకుని ఆ మాట చెప్పబోయాను కూడా. నోట్లో వేసుకున్నాక మాట రాలేదు. ఆ తేట నీళ్ళలో అంత ఘాటు ఎక్కడ దాచాడో తెలియదు. గుంటూరు మనిషి చేత కళ్ళనీళ్ళు పెట్టించామని బండతనూ సులోచనా ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. ప్లేటు నలభై రూపాయలు. పౌరుషానికి రెండోది కూడా తిన్నాను.

తమక

సులోచన ఇల్లు కోలారు శివారు తమకలో. చిన్న చిన్న వర్క్‌షాపులు, వాటి మధ్య కొత్త ఇళ్ళు, గేటు గేటుకీ ఒక మామిడి చెట్టు. నాకు ఆశ్చర్యమనిపించింది ఇళ్ళు కాదు, ఆమె నోరు. ఇంట్లో తెలుగు, గేటు దగ్గర కూరగాయలామెతో కన్నడం, ఫోనులో కె.జి.ఎఫ్. స్నేహితురాలితో తమిళం. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తడుముకోకుండా వెళ్ళిపోతుంది. "ఇంతకీ నీకు కలలు ఏ భాషలో వస్తాయే?" అని అడిగాను. "నిద్ర పడితే గదమ్మా కల. మా ఆయన గురకకు ఏ భాషా లేదు" అంది. ఆయన అక్కడే కూచుని పేపరు చదువుకుంటున్నారు.

రాత్రి రాగి సంగటి, పప్పూ ఆకుకూరా ఉడికించిన నీళ్ళతో చేసిన బస్సారు. మా వైపు రాగి అంటే డాక్టరు చెబితే తినేది. ఇక్కడ అది లేకపోతే అన్నం తిన్నట్టే కాదు. నేను ముద్ద నోట్లో పెట్టుకుని నములుతుంటే ఇంటిల్లిపాదీ ఆగి చూశారు.

"నమలకూడదు. బస్సారులో అద్దుకోని మింగేయాల" అంది సులోచన.

"మరి పళ్ళెందుకు ఇచ్చాడే దేవుడు?"

"మామిడికాయలకు."

మింగడం రెండో ముద్దకి వచ్చింది. మూడో ముద్దకి ఇష్టం కూడా వచ్చింది.

మాస్తి

సులోచన పుట్టిల్లు మాస్తి. వాళ్ళ నాన్న అక్కడ బడిపంతులుగా చేశారు. ఇప్పుడు తమ్ముడూ మరదలూ పట్టుపురుగులు పెంచుతున్నారు. పోస్టరు ముక్క పురుగుల గదిలో అటక మీద ఉందని తెలిసి నేను ఆత్రంగా గుమ్మం దాటబోయాను. మరదలు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అమ్మా, ఏం పూసుకోని వచ్చినారు?"

బస్సులో మోకాళ్ళు పట్టేస్తే నొప్పుల బామ్ రాసుకున్నాను. ఆ ఘాటు తగిలితే పురుగులు మేత మానేస్తాయట. సెంటు, అగరొత్తులు, ఉల్లిపాయ పోపు, ఏదీ పనికిరాదట. పెళ్ళికూతురయినా సరే పౌడరు కడుక్కోనిదే ఆ గదిలోకి పోరాదట. సబ్బుతో మోకాళ్ళు తోముకున్నాను. ఆవిడ వంగి వాసన చూసి తల అడ్డంగా ఊపింది. మా ఇంట్లో అత్తగారి మడి చూశాను గానీ పురుగుల మడి చూడటం ఇదే మొదలు. చివరికి నేను పశువుల పాక దగ్గర నిలబడితే పోస్టరునే నా దగ్గరికి తెచ్చారు.

అది పోస్టరు కింది సగం. నడుము కింది నుంచి ఒక సైనికుడు, ఊతకర్ర, రెండు బూట్లు. కింద లావు ఎర్ర అక్షరాలు. "గాయపడిన మన జవాన్ల కోసం బొమ్మల అమ్మకం. ఒక బొమ్మ కొనండి, ఒక జవానుకు తోడు నిలవండి." పై సగం ఏమయిందంటే, తమ్ముడు తన సోషల్ పుస్తకానికి అట్ట వేసుకున్నాడట. "అప్పుడు నాకేం తెలుసు?" అన్నాడాయన, అరవైకి దగ్గర పడిన పెద్దమనిషి, ఇప్పుడే పట్టుబడినట్టు.

నేను బూట్లు చూసి నవ్వాను. రెండూ ఎడమకాలివే. పెయింటరు రంగు మాత్రం బాగా పట్టించాడు, తోలు మీద వెలుగు కూడా దిద్దాడు. బూట్లు కొట్లో చూసి వేసి ఉంటాడు, గూట్లో ఒక్కటే బూటు పెడతారు కదా. అతను సైనికుణ్ణి ఎప్పుడూ చూసి ఉండడు.

"చూడలే. గాయపడినోళ్ళు ఎట్లుంటారో చూసేదానికి గని ఆసుపత్రికి పోయినాడంట" అంది సులోచన. "ఆడ ఒక మనిషిని కూచోబెట్టి గీసినాడు. ఆ మనిషి కూతురింటికే రేపు నువ్వు పోతావుండేది."

అప్పటికి గానీ అసలు సంగతి చెప్పలేదు మహాతల్లి. సులోచన కొన్నేళ్ళు కె.జి.ఎఫ్. బళ్ళో పనిచేసింది. అక్కడ ఆయాగా ఉన్నావిడ రూతమ్మ. పోస్టరులో జవానుగా కూచున్నది ఆమె తండ్రి యేసుపాదం. గనిలో రాయి పడి చెయ్యి నలిగి ఆసుపత్రిలో ఉన్నాడట అప్పుడు. రూతమ్మకి తండ్రి ముఖం గుర్తు లేదు. ఒక్క ఫోటో లేదు. ఆయన బొమ్మ ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క పోస్టరులోనే.

సులోచన మనవరాలికి జ్వరం తగలడంతో నేను ఒంటరిగా వెళ్ళవలసి వచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ అదే నయమనిపించింది. ఆ పోస్టరును ఎలాగైనా అడిగి తెచ్చుకోవాలని నా మనసులో ఉంది. అడిగేటప్పుడు తెలిసినవాళ్ళు పక్కన ఉంటే మొహమాటం.

సైనైడు దిబ్బలు

కె.జి.ఎఫ్. దగ్గరపడుతుంటే కిటికీలోంచి బూడిదరంగు కొండలు కనబడ్డాయి. కొండలు కావట, రాయిని పిండి చేసి బంగారం తీసుకున్నాక పారబోసిన మట్టి. సైనైడు దిబ్బలంటారు. నూరేళ్ళకు పైగా తవ్వి పోసింది అంతా అక్కడే ఉంది. పక్క సీటావిడ కిటికీ మూసెయ్యమంది. నేను చూడాలని తెరిచే ఉంచాను. ఒక్క గాలి విసురుకి నా మొహం, చీర, ఆవిడ ఒడిలో ఉన్న పూలబుట్ట అన్నీ తెల్లబడ్డాయి. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు తమిళంలో ఉండటం వల్ల బతికిపోయాను.

రాబర్ట్‌సన్‌పేట బజారులో మొహం కడుక్కుని టీ తాగాను. పది రూపాయలు, చిన్న గ్లాసు, పాకంలా చిక్కగా ఉంది. శనివారం మధ్యాహ్నం. కొట్లో కూచున్నవాళ్ళందరూ పెద్దవాళ్ళే. పనిచేసే వయసు వాళ్ళు తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరు వెళ్ళి చీకటిపడ్డాక తిరిగొస్తారట. గనులు మూతపడ్డప్పటి నుంచీ ఇదే బతుకు. కిందికి దిగే ఊరు కాస్తా రైలెక్కే ఊరయింది అన్నాడు టీ కొట్టాయన, డబ్బులు గల్లాలో వేసుకుంటూ.

కోరమండల్

కోరమండల్ కె.జి.ఎఫ్.లోనే ఒక పేట, అక్కడ గని కార్మికుల ఇళ్ళు వరసలు వరసలుగా ఉంటాయి. గోడకి గోడ ఆనుకుని, రేకుల కప్పు, వాకిట్లో ప్లాస్టిక్ డబ్బాల్లో తులసి ఒకరికి, గులాబీ ఒకరికి. రూతమ్మ వాకిట్లో గులాబీ. యాభై ఏడో యాభై ఎనిమిదో ఉంటాయి, సన్నగా ఉంటుంది, మెడలో కొలత టేపు. బడి పని మానేశాక జాకెట్లు కుడుతోంది.

"టీచరమ్మ పంపించిన అమ్మా? రామ్మా, కూచో. ఎండకు వచ్చినావు" అని మజ్జిగ ఇచ్చింది. ఆ వెంటనే, "నాయనను చూస్తావా?" అంది.

నన్ను లోపలికి కాదు, బయటికి తీసుకెళ్ళింది. ఇంటికి మూడు గోడలు ఎప్పుడో ఇటుకవైపోయాయి. వీధివైపుది ఒక్కటే పాతది, తట్టిగోడ. అంటే వెదురు తడికకి బయట మట్టి మెత్తి సున్నం కొట్టింది. ఆ మట్టిలో ఒకచోట, నా నడుమెత్తులో, అరచేయంత మేర నున్నగా, నల్లగా మెరుస్తోంది. మా ఊళ్ళో గుడి గడప ఇలాగే మెరుస్తుంది. రూతమ్మ అక్కడ చెయ్యిపెట్టింది.

"ఈడ ఉండాడు."

ఆ పోస్టరు గోడలోకి ఎలా వచ్చిందో చెప్పింది. గని నడిచే కాలంలో భూమి లోపల రాయి పేలేది, దాన్ని ఏర్ బ్లాస్ట్ అనేవాళ్ళు. అది పేలితే పైన ఇళ్ళు కూడా ఊగేవి. తట్టి సందుల్లోంచి మట్టి రాలి అన్నంలో పడేది. అందుకని ప్రతి ఇంట్లోనూ తడికకి లోపలివైపు కాగితాలు అంటించేవాళ్ళు. ప్రతి క్రిస్మస్‌కీ రాగిపిండి జిగురుతో ఇంకో పొర, దానిమీద సున్నం. అక్షరాలు కనబడితే సున్నం ఎక్కదని, ఏ కాగితమైనా బొమ్మవైపు తడికకి, తెల్లవైపు ఇంటిలోకి పెట్టి అంటించేవాళ్ళు.

యేసుపాదం చెయ్యి బాగయి మళ్ళీ పనికి దిగాడు. ఆ మరుసటి వానాకాలంలో ఏర్ బ్లాస్ట్‌లో పోయాడు. రూతమ్మకి నాలుగేళ్ళు కూడా నిండలేదు. కంపెనీ పాసు మీద చిన్న ఫోటో ఒకటుండేది, పాసుతో పాటు అదీ కంపెనీకి తిరిగి వెళ్ళిపోయింది. పెయింటరు ఇచ్చిన పోస్టరు ఒక్కటి ఇంట్లో మిగిలింది. ఆ ఏడే వీధివైపు తడిక కొత్తది కట్టారు. ఆ క్రిస్మస్‌కి తల్లి దాన్ని ఆ తడికకి మొదటి పొరగా అంటించేసింది, బొమ్మ వీధివైపుకి.

"నాయనను చూడాల అని నేను ఏడిస్తే మాయమ్మ నన్ను ఈడికి తీసుకోని వచ్చేది. 'నాయన గోడలో ఉండాడు, నిన్నే చూస్తా ఉండాడు, పోయొస్తానని చెప్పు' అనేది. ఈడ చెయ్యి పెట్టించేది. అంతే, ఇంగ అదే అలవాటైపొయ్యింది. బడికి పోతా చెప్పినాను, పెండ్లికి పోతా చెప్పినాను. మా డానియేలు తెల్లారి రైలుకు పోతా 'తాతా, పోయొస్తా' అని తట్టిపోతాడు."

డానియేలు ఆమె కొడుకు. ముప్పై దాటాయి, బెంగుళూరులో ఒక మందుల గోడౌనులో పని. చిట్టీ ఎత్తి గోడకి ఇటుకలు తెచ్చాడు. పోయిన వానల్లో ఈ గోడ ఒక పక్క కుంగింది, ఇంకో వానకి ఇంటిమీద పడుతుంది. మేస్త్రీ సోమవారం వస్తాడు.

"మాయమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ గోడను ముట్టనీలేదు" అంది రూతమ్మ. "ఇప్పుడు ఎట్లా పడగొట్టేదే. అందుకే అడుగుతావుండాను. నువ్వు బొమ్మల టీచరమ్మవంట. కాగితం చినిగిపోకుండా తీసిస్తావా? ఒక్కసారి మా నాయన మొగం చూడాలమ్మా. పొయ్యేలోపల ఒక్కసారి."

నేను పోస్టరు కోసం వచ్చానని చెప్పే ధైర్యం అప్పుడు నాకు లేకపోయింది. తీసిస్తానన్నాను. ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను.

ఆదివారం

చర్చి నుంచి వచ్చి, చుక్కకూర పప్పూ సంగటీ తిని, గోడ పని మొదలుపెట్టాం. నేను నమలకుండా మింగడం చూసి డానియేలు, "మీరు మా మనిషైపోయినారు" అన్నాడు.

అతను లోపలి నుంచి నీళ్ళు చల్లి కాగితం నానబెడదామన్నాడు. నేను వద్దన్నాను. చేత్తో వేసిన పోస్టరు రంగులు నీళ్ళలో కరిగిపోతాయి. లోపల యాభై పొరల సున్నం, కాగితం ఉంది, అటునుంచి లాగితే అన్నీ కలిసి చినుగుతాయి. కాబట్టి బయటి నుంచి, పొడిగా, మట్టి రాల్చి వెదురుబద్దలు ఒక్కొక్కటీ ఊడదీయాలి. పైనుంచి కిందికి.

మట్టి డానియేలు రాల్చాడు. బద్దల కట్లు అతనే పట్టకారుతో తెంచాడు. బద్దని కాగితం నుంచి విడదీసే పని రూతమ్మది. జాకెట్ల కుట్లు విప్పే చిన్న కొక్కెం ఒకటి ఉంది ఆమె దగ్గర. జిగురు పట్టిన చోట దాన్ని దూర్చి, ఊపిరి బిగబట్టి, గోరంత గోరంత జరిపింది. నేను మెత్తటి కుంచెతో దుమ్ము దులిపాను. వీధి వీధంతా వచ్చి చూసింది. ఎదురింటి తంగరాజ్ తాత కుర్చీ తెప్పించుకుని మరీ కూచున్నాడు. డెబ్బై అయిదు దాటాయి. యేసుపాదంతో ఒకే షిఫ్టులో కిందికి దిగినవాడు, ఆయన ముఖం తెలిసినవాళ్ళలో ఈ వీధిలో మిగిలింది ఆయనొక్కడే.

"ఆ బొమ్మలమ్మకానికి నేనూ పోయినాను తెలుసా" అన్నాడాయన. "ఆఫీసర్ల క్లబ్బులోకి మమ్మల్ని విడిచింది ఆ దినం మాత్రమే. తలకు నూనె పెట్టుకోని, ఇస్త్రీ చొక్కా వేసుకోని పోయినాం. హంస బొమ్మ ఒకటి కొన్నాను. ఇంట్లో మేకు కొట్టేదానికి గోడ యాడ? తట్టి. బియ్యం డబ్బా మీద పెట్టుకున్నాం."

"మీకు కూడా దెబ్బలు తగిలేవి కదా తాతా. మీ కోసం ఎవరైనా ఇలా బొమ్మలు అమ్మారా?" అని అడిగాను. అడగవలసింది కాదేమో.

ఆయన నవ్వాడు. "మాకెవరమ్మా అమ్మేది? మాది యుద్ధం కాదు గదా, పని." తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. "అయినా ఇచ్చినామమ్మా, సంతోషంగానే ఇచ్చినాం. దెబ్బ తగిలినోళ్ళకు దెబ్బ తెలుస్తాది." కిందికి వంగి కుంచె దులుపుకున్నాను.

మొదట టోపీ వచ్చింది. తర్వాత నుదురు. బద్ద అంటుకున్న చోట రంగు కాస్త చారలుగా లేచిపోయింది గానీ మిగిలింది మాత్రం నిన్న వేసినట్టుంది. కళ్ళు వచ్చాయి, ముక్కు వచ్చింది, మీసం వచ్చింది. రూతమ్మ కొక్కెం కింద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది.

అందంగా ఉన్నాడు. తెల్లటి మనిషి, కోటేరు ముక్కు, దువ్విన మీసం, గులాబీరంగు పెదాలు. రూతమ్మ ముఖం చూశాను, ఒక్క పోలికా లేదు. ఆ ముఖంలో ఉన్న ఆశ చూడలేకపోయాను.

"ఇదేనా మా నాయన?" అంది నెమ్మదిగా. "ఇట్లుండేవాడా?" తంగరాజ్ తాత వైపు తిరిగింది. "పెద్దనాయనా, నువ్వు చెప్పు."

తాత కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"కాదమ్మా" అన్నాడు. "యేసుపాదం నలుపు. వెడల్పు మొగం. మీసమే లేదు. ఇది వాడు కాదు. ఆ పెయింటరోడు సినిమా బ్యానర్లు వేసేవాడు గదా, ఆ చేత్తోనే వేసేసినాడు."

నాకు ఆ పెయింటరు మీద కోపం మండుకొచ్చింది. ఆసుపత్రిలో మనిషిని పూటంతా ఎదురుగా కూచోబెట్టుకుని, ఆ ముఖం పనికిరాదని ఇంకో ముఖం తగిలించడానికి అతనికి చేతులెలా వచ్చాయి? అంతలోనే బళ్ళో నా పిల్లలకు నేనేం చెప్పేదాన్నో గుర్తొచ్చింది. పోస్టరు అంటే దూరం నుంచి చూసేవాడికి నచ్చాలి అని చెప్పేదాన్ని. ఆ పెయింటరూ అదే చేశాడు.

రూతమ్మ ఏడవలేదు. "మాయమ్మకు తెలుసు" అంది. "తెలిసే మొగాన్ని గోడలోకి తిప్పి అంటించేసింది." మళ్ళీ కొక్కెం తీసుకుంది. "సరే, మొదలుపెట్టినాము గదా. తీసేద్దాం రాండి."

భుజాలు వచ్చాయి. మెడలోంచి వేలాడే కట్టులో ఎడమ చెయ్యి వచ్చింది. నేను అనుకున్నదానికంటే ఆ కట్టు బాగుంది, గుడ్డ మడతలు నిజమైన మడతలు. ఇక్కడి నుంచి పెయింటరు కళ్ళతో చూసి వేశాడు. చొక్కా గుండీలు దాటాక, మట్టి నున్నగా మెరుస్తున్న చోటికి వచ్చాం. డానియేలు ఒక్క క్షణం ఆగి, అక్కడ అరచెయ్యి ఆనించి, తర్వాత మట్టి రాల్చాడు. నేను అడ్డం వచ్చిన బద్ద పట్టుకున్నాను. రూతమ్మ దాన్ని విడదీసింది.

దాని వెనక కుడిచెయ్యి ఉంది. చూసేవాళ్ళ వైపు చాచిన చెయ్యి. నల్లటి చెయ్యి. ఆ తెల్లటి ముఖానికీ దీనికీ సంబంధమే లేదు. మెటికలు లావుగా, గోళ్ళు అరిగిపోయి, బొటనవేలి మొదట్లో పాత మచ్చ. చిటికెనవేలు మధ్యలో విరిగి బయటికి వంగి, తక్కిన వేళ్ళతో కలవకుండా ఒంటరిగా నిలబడి ఉంది.

రూతమ్మ నోటివెంట ఒక శబ్దం వచ్చింది. మాట కాదు.

"ఈ వేలు" అంది. "ఈ వేలు పట్టుకోనే చర్చికి పొయ్యేదాన్ని. నా పిడికిలి దీంట్లో చిక్కుకునేది. ఇది కలేమో అనుకుంటా వచ్చినాను ఇన్నాళ్ళూ, ఎవురికీ చెప్పలే. పెద్దనాయనా, మా నాయన వేలు ఇట్లుండేదా?"

"డ్రిల్లు మిషిను మడిచేసింది" అన్నాడు తాత. "వాడి చెయ్యే. వాడి చెయ్యే తల్లీ."

రూతమ్మ వంగి, కాగితం మీద తన చెయ్యి పెట్టింది. పెట్టాక, ఇన్నేళ్ళుగా తల్లి తన చేత ఎక్కడ తట్టించిందో ఆమెకి అప్పుడు తెలిసింది. ముఖం ఉండేంత ఎత్తులో కాదు, సరిగ్గా ఇక్కడ. చిన్నపిల్లను కాబట్టి అందేచోట పెట్టించిందనుకుందట ఇన్నాళ్ళూ. అప్పుడు ఏడ్చింది, వీధి మధ్యలో, దాచుకోకుండా. నేనూ ఏడ్చాను.

సోమవారం

మేస్త్రీ ఉదయాన్నే వచ్చాడు. పోస్టరు అప్పటికే లోపల, రూతమ్మ జాకెట్లు కత్తిరించే బల్లమీద పరిచి ఉంది. నేను బట్టలు సర్దుకున్నాను. దాన్ని అడగకూడదని రాత్రే నిర్ణయించుకున్నాను. అలాంటిది ఒకటి మళ్ళీ నాకు దొరకదని తెలుసు, అయినా సరే.

రూతమ్మ నన్ను బల్ల దగ్గరికి పిలిచింది. "టీచరమ్మ ఫోన్లో చెప్పింది, నువ్వు ఇట్లాంటివి దాచిపెడతావంట గదా. నోరు తెరిచి అడగనేలేదే నువ్వు" అంది.

"అది మీ నాయన బొమ్మమ్మా. నేనెలా అడుగుతాను?"

"అంతా కాదు గదమ్మా."

పెద్ద కత్తెర తీసుకుంది. నేను "అయ్యో, వద్దు!" అని అరిచాను. కాగితం సేకరించేవాళ్ళ ముందు పోస్టరుకి కత్తెర పెట్టడమంటే పీక కోసినంత పని. ఆమె వినలేదు. గుండీల దగ్గర మొదలుపెట్టి, కట్టు కట్టిన చెయ్యి కిందికి ఉండేలా, భుజం మీదుగా, జాకెట్టుకి మెడ కత్తిరించినట్టు గుండ్రంగా తిప్పి, ఒక్కసారి కూడా ఆగకుండా రెండు ముక్కలు చేసింది. పైముక్క చుట్టచుట్టి నా చేతిలో పెట్టింది.

"మొగం నువ్వు తీసుకుపో. చేతులు నాకుండనీ."

ఆ ముఖానికి అద్దం కట్టించి తెనాలిలో మా హాల్లో పెట్టాను. టోపీ, మీసం, రంగులు చూసి ఇంటికొచ్చిన వాళ్ళంతా మెచ్చుకుంటారు. ఎవరీ జవాను, ఏ యుద్ధంలో దెబ్బ తిన్నాడని అడుగుతారు. ఎవరూ కాదని చెబుతున్నాను. మనిషి కోరమండల్‌లో ఉన్నాడు.